కూర్చోమనే మాట నేర్పని పంతులమ్మ

ఉదయగిరిలో నా గురించి ఒక మాట తిరుగుతోంది. మా పంతులమ్మ పోయిన వారం తిరగకముందే నేను రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి, ఆమె బడి నడిపిన ఇంటిని మా పెదనాయన మనవడికి రాసి ఇచ్చానట. ఆ పాత గోడలు పడగొట్టి, మా పెదనాయన పేరుతో కొత్త భవనం కడతారట. నేను అందులో కుర్చీ వేసుకుని కూర్చుంటానట. ఇందులో నిజం కొంచెమే. నేను రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాను, ఒక కాగితం మీద సంతకం చేశాను. అది ఏ కాగితమో చివర చెబుతాను. ముందు చెప్పవలసింది ఆమె గురించి.

ఆత్మకూరు నుంచి వచ్చే మొదటి బస్సు మా వీధి మలుపులో ఎన్నడూ ఆగదు. ఆ శుక్రవారం ఆగింది. కండక్టరు దిగి, టోపీ చేత్తో పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చాడు. అతడు కూడా ఆమె దగ్గర చదువుకున్నవాడే.

"అవ్వా, పెద్ద పంతులమ్మ పొయినారు. తెల్లారే ముందర. చెల్లెలింట్లోనే."

"కూర్చోని పోయిందా?" అని అడిగాను.

ఎందుకు అలా అడిగానో అతడికి అర్థం కాలేదు. "లేదవ్వా. మంచినీళ్ళకని లేచి, గోడ పట్టుకోని నిలబడిందంట. అట్టనే జారిపొయిందంట" అన్నాడు.

"సరే" అన్నాను. అదే బస్సు తిరిగి వెళ్ళేటప్పుడు ఎక్కాను. ఎవరో లేచి చోటిస్తే కూర్చున్నాను కూడా. డెబ్బై దాటిన మోకాళ్ళు నా పంతాన్ని ఎప్పుడూ గౌరవించవు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఊళ్ళో ఎవరూ ఆమెను పేరుతో పిలవలేదు. తొలి రోజుల్లో పిలవడం ఇష్టం లేక, తరువాతి రోజుల్లో ధైర్యం చాలక. పంతులమ్మ అంటే ఆమే.

ధాత కరువు వెళ్ళిపోయి, బహుధాన్య వచ్చిన ఏడు నాకు పదేళ్ళు. మా వీధి చివర, కొండ వైపు, మా నాయన వాటాకు వచ్చిన ఇల్లు ఒకటి ఖాళీగా ఉండేది. అందులో కాపురమున్నవాళ్ళు కరువులో గంజి వెతుక్కుంటూ వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆ ఇంటి అరుగు మీద పంతులమ్మ బడి పెట్టింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళుంటాయేమో. మా ఊరి బయటి పేటలో పుట్టి, చిన్నప్పుడే నెల్లూరులో మిషను వాళ్ళ దగ్గర చదువు నేర్చుకుని, కరువులో చెల్లెలు తప్ప అందరినీ పోగొట్టుకుని తిరిగి వచ్చింది. వెంట తెచ్చుకున్నవి ఒక పలక, అట్టలు ఊడిపోయిన ఒక ఇంగ్లీషు నిఘంటువు, ఇంకా మాటలు రానంత చిన్నదైన ఆ చెల్లెలు.

పేట పిల్లలు మా వీధిలో చదువుకోవడం మా పెదనాయనకు గిట్టలేదు. ఊరి పెత్తనం ఆయనది. తమ్ముడిని పిలిపించి అడిగాడు. మా నాయన తక్కువ మాట్లాడే మనిషి. "ఖాళీ అరుగు మీద ఎలకలు తిరిగేదానికంటే పిల్లకాయలు చదువుకునేది మేలు గదన్నా" అన్నాడట. అప్పటికి పెదనాయన ఊరుకున్నాడు.

నాకూ చదువుకోవాలని ఉండేది. మా అవ్వ దానికి ఒక దారి చూపించింది. "నిలబడి వినొచ్చు. కూర్చోబాక. కూర్చుంటే మైల" అంది. ఆనాటి మా ఇళ్ళలో లెక్క అది. పేటవాళ్ళతో ఒకే అరుగు మీద కూర్చుంటే కలిసిపోయినట్టు, దూరంగా నిలబడితే దారిన పోతున్నట్టు. అందుకని పన్నెండుమంది పిల్లలు అరుగు మీద కూర్చుని చదువుకుంటుంటే, నేను వీధిలో నిలబడి వినేదాన్ని.

రెండు రోజులు పంతులమ్మ నన్ను చూసీ చూడనట్టు ఊరుకుంది. మూడో రోజు పాఠం మధ్యలో ఆపి, "లేవండి" అంది పిల్లలతో. వాళ్ళు లేచారు. "ఒక బిడ్డ నిలబడుకోని నేర్చుకుంటుంటే, పన్నెండుమంది కూర్చోని నేర్చుకునే బడి నాకొద్దు. రేపటి నుంచి అందురం నిలబడే" అంది.

నేను ఊరి పెద్దల ఇంటి పిల్లను. వాళ్ళు పేట పిల్లలు. ఆమె నన్ను పైకి రమ్మనలేదు, రమ్మన్నా నన్ను రానిచ్చేవాళ్ళు లేరు. వాళ్ళను నాకంటే తక్కువగానూ చూడలేదు, నన్ను వాళ్ళకంటే తక్కువగానూ చూడలేదు. ఉన్న చోటునుంచే అందరినీ ఒకే ఎత్తుకు తెచ్చింది. ఆ లెక్క మా అవ్వకు అందలేదు. నాకు అందడానికి చాలా ఏళ్ళు పట్టింది.

అందరం నిలబడే ఉన్నాం గనక ఆమె నేర్పిన తొలి ఇంగ్లీషు మాట స్టాండ్. నిఘంటువులో ఆ ఒక్క మాట రెండు నిలువు వరుసల నిండా ఉంది. ఆ పుట మాకు చూపించి, "ఒక మాట నేర్చుకుంటే ఇన్ని వస్తాయి. దీన్ని వదిలిపెట్టి ఇంకో మాట ఎందుకు?" అంది. అయితే ఆ అర్థాలన్నీ ఒక్కసారిగా చెప్పలేదు. కంటబడని అర్థాన్ని నోట పెట్టకూడదు అనేది ఆమె నియమం. ఊళ్ళో ఏదైనా జరిగి, ఒక అర్థం పిల్లలందరి కళ్ళకూ కనబడిన రోజునే దానిని సున్నంతో లోపలి గోడ మీద రాసేది. కాళ్ళ మీద ఉండడం అనేది మొదటి పంక్తి. తొలి వాన కురిసి గొడ్ల గిట్టల గుంతల్లో నీరు కదలకుండా నిలిచిన రోజు రెండో పంక్తి. దీపం నిలబెట్టే సెమ్మె ఒకటి, ఎవరింట్లోదో, విరిగి బడికి వచ్చిన రోజు మూడోది.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. హాజరు తలల లెక్కన కాక పాదాల లెక్కన వేసేది. "ఇరవై నాలుగు" అని, వీధిలోకి తిరిగి నా కాళ్ళు చూసి, "ఇరవై ఆరు" అనేది.

ఇక మా పెదనాయన సంగతి. పొద్దున్నే ఆయన పొలానికి ఆ దారినే వెళ్ళేవాడు. ఆయన వస్తుంటే అరుగుల మీద ఉన్నవాళ్ళు లేవాలి. పేటవాళ్ళయితే లేచి, దిగి, పక్కకు ఒదగాలి. ఇది ఎవరూ ఎవరికీ నేర్పనక్కరలేని మర్యాద. నిలబడి చదువుకోవడం మొదలైన మరునాడు ఆయన వచ్చాడు. ఎవరూ లేవలేదు. అందరూ అప్పటికే నిలబడి ఉన్నారు. ఆయన నాలుగడుగులు దాటిపోయి, ఏదో తగ్గిందనిపించి ఆగాడు. వెనక్కి వచ్చాడు.

"ఏంది మే, పిల్లకాయల్ని నిలబెట్టి చంపతుండావు? కూర్చోబెట్టు."

"పాఠం అయినాక కూర్చుంటారయ్యా."

"పాఠం ఎప్పుడవద్ది?"

పంతులమ్మ తల వంచుకునే జవాబు చెప్పింది. "తమరు దాటినాక, అయ్యా."

ఎవరో ఒక పిల్ల కిసుక్కుమంది. పెదనాయన చూపు నా మీద పడింది. "నువ్వేంది ఈడ?"

"నిలబడుకోని ఉండాను పెదనాయనా. కూర్చోలా" అన్నాను. మా అవ్వ చెప్పిన నియమం తప్పలేదని చెప్పడమే నా ఉద్దేశం. ఆయనకు అది వేరేగా వినబడినట్టుంది. పైపంచ దులిపి వెళ్ళిపోయాడు.

మరునాడు మేము వెళ్ళేసరికి అరుగు నిండా తుమ్మకంప. అడుగు పెట్టే చోటు లేదు. పిల్లలు వీధిలో గుంపుగా ఆగిపోయారు. పంతులమ్మ వచ్చి చూసింది. ఎవరు వేయించారని అడగలేదు. గోడ పక్కన రెండు పాదాలు పట్టేంత మేర కంప ఎత్తి పక్కన పెట్టి, అక్కడ నిలబడి, వీధి వైపు తిరిగి పాఠం మొదలుపెట్టింది. పన్నెండుమందీ వీధిలో, ఎండలో, నా పక్కన. నేను మొదటిసారి బడిలో ఉన్నది ఆ రోజే.

పాఠం అయ్యాక, "ఈ కంప మీ ఇండ్లకు ఎత్తుకపోండి. పొయ్యిలోకి పనికొస్తది" అంది. మూడు రోజులు కంప పడింది. మూడు రోజులూ పేటలో పొయ్యిలు మా పెదనాయన పుణ్యాన వెలిగాయి. నాలుగో రోజు పడలేదు. ఆయన మా నాయనను పిలిచి ఇల్లు ఖాళీ చేయించమన్నాడు. "ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉండాదన్నా" అన్నాడు మా నాయన. మాట చెక్కుచెదరకుండా ఉండడం అనే అర్థం ఆ సాయంత్రం గోడ ఎక్కింది.

ఆ ఏడే బడుల తనిఖీకి దొర ఒకడు గుర్రం మీద వచ్చాడు. పిల్లలంతా నిలబడి ఉండడం చూసి, అది తన కోసమే అనుకుని ఎంతో సంతోషించాడు. పంతులమ్మ ఆయన సంతోషాన్ని చెడగొట్టలేదు. దొర చెయ్యి ఊపి, "సిట్ డౌన్" అన్నాడు. మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మళ్ళీ అన్నాడు. వెంట ఉన్న గుమాస్తా కంగారుపడి, "దొరగారు కూర్చోమంటుండారు" అన్నాడు.

"ఆ మాట ఇంకా చెప్పలేదయ్యా. వచ్చే ఏడు చెప్తాను" అంది పంతులమ్మ.

ఆ వచ్చే ఏడు అరవై ఏళ్ళైనా రాలేదు.

బడి రాకముందే, నాకు తొమ్మిదో ఏట కలువాయిలో పెళ్ళి చేశారు. ఆ పిల్లవాడిని నేను చూసింది పెళ్ళిలోనే, అదీ తెర తీసినంతసేపు. ప్రమాది వేసవిలో జ్వరం వచ్చి అతడు పోయాడు. నన్ను మధ్యగదిలో మూలన కూర్చోబెట్టారు. అది కూడా ఒక మర్యాదే. పదకొండేళ్ళ పిల్ల గోడకు ఆనుకుని, మోకాళ్ళు ముడుచుకుని, వచ్చేవాళ్ళకు కనబడీ కనబడకుండా కూర్చోవాలి. వచ్చిన ప్రతి ఆడమనిషీ నా తల నిమిరి, "ఓర్చుకో తల్లీ" అని వెళ్ళేది. నెలలు గడిచాయి.

ఒక ఉదయం, వీధి వైపు నేలకంటా ఉన్న కిటికీ బయట పంతులమ్మ గొంతు వినబడింది. ఆమె మా గడప తొక్కడానికి వీలు లేదు. ఒకప్పుడు నేను నిలబడినట్టే ఇప్పుడు ఆమె వీధిలో నిలబడింది. పన్నెండుమంది పిల్లలూ వెంట ఉన్నారు. నిఘంటువు తెరిచి, స్టాండ్ అనే పుట గట్టిగా చదివింది. మరునాడూ వచ్చింది. ఆ మరునాడూ వచ్చింది. "దాన్ని పొమ్మనండ్రా" అని మా అవ్వ వసారాలోంచి కేక వేసేది. మా నాయన వినబడనట్టు పడకకుర్చీలో ఉండిపోయేవాడు.

ఎన్నో రోజునో నేను కూర్చున్న చోటు నుంచే కిటికీ ఊచ పట్టుకుని అడిగాను. "అందరూ నన్ను ఓర్చుకోమంటుండారు. ఆ మాటకు ఆ అర్థం కూడా ఉండాదా?"

ఆమె పుట మీద వేలు పెట్టి వెతికింది. "ఉండాది" అంది.

"చెప్పు."

ఆమె పుస్తకం మూసేసింది. "ఓర్చుకోమని చెప్పేదానికి నీకు ఇంటినిండా మనుషులుండారు. నేను దానికోసరం రాలా."

వసారాలో పడకకుర్చీ కిర్రుమన్న చప్పుడు వినబడింది. మా నాయన గదిలోకి వచ్చి, నా ముందు నిలబడి, "లెయ్యమ్మా" అన్నాడు. లేవబోయాను. నెలల తరబడి ముడుచుకున్న కాళ్ళు నన్ను మోయలేదు. ఆయన రెండు చేతులూ పట్టుకుని లేపాడు. కిటికీలోంచి పంతులమ్మ నా కాళ్ళు చూసి, "ఇరవై ఆరు" అంది.

ఓర్చుకోవడం అనే అర్థం ఆ గోడ మీద ఈనాటికీ లేదు. దాని చోటు ఖాళీగానే ఉంది.

మా నాయన నన్ను నెల్లూరు బోర్డింగు బడిలో చేర్చడానికి బండి కట్టించినప్పుడు పంతులమ్మ ఆత్మకూరు దాకా తోడు వచ్చింది. బండి ఎక్కమంటే ఎక్కలేదు, చక్రం పక్కనే నడిచింది. ఆత్మకూరులో ఎద్దులు నీళ్ళు తాగుతుండగా నన్ను ఒక ఖాళీ మైదానానికి తీసుకుపోయింది. అక్కడ ముళ్ళ చెట్లు, మూడు రాళ్ళ పొయ్యిల గుర్తులు తప్ప ఏమీ లేవు.

"కరువులో ఈడ గంజి పోసేవోళ్ళు. వరసల్లో కూర్చోవాల. లేస్తే వరస పోద్ది. మా అమ్మ నా పక్కన కూర్చోనే ప్రాణం ఇడిచింది. కూర్చునుండాది గదా, ఎవురికీ తెలియలా. పోసేవోడు ఆమె ముంతలో కూడా పోసి పొయినాడు. తాగమ్మా, సల్లారిపోద్ది, అంటుండాను నేను."

ఆమె ఏడవలేదు. నన్ను ఓదార్చమని అడగలేదు. బండి వైపు తిరిగి, "పా, ఎద్దులు కట్టినట్టుండారు" అంది. కండక్టరును నేను ఆ ప్రశ్న ఎందుకు అడిగానో ఇప్పుడు చదువరులకు తెలిసి ఉంటుంది.

మద్రాసులో కాలేజీ చదువు ముగించుకుని వచ్చేటప్పుడు ఒక పేము కుర్చీ కొని తెచ్చాను. చదువుకున్నవాళ్ళు చేసే పొరపాటు అది. తెలిసి ఉండి కూడా, పట్టణపు మర్యాదే పెద్ద మర్యాద అనుకుని, ఆమెను అందులో కూర్చోబెట్టాలని ముచ్చటపడ్డాను. ఆమె కుర్చీని చుట్టూ తిరిగి చూసి, అల్లిక బాగుందని మెచ్చుకుని, దాని మీద నిఘంటువు పెట్టింది. "పుస్తకం నేల మీద ఉండేదానికంటే ఇట్టా ఉంటే బాగుండాది. ఇదీ ఉండాది ఇందులో" అని, వస్తువులు పెట్టుకునే పీట అనే అర్థం గోడ మీద రాసింది. నలభై ఏళ్ళకు పైగా ఆ కుర్చీలో ఆ పుస్తకం తప్ప ఎవరూ కూర్చోలేదు.

ఆమెను దేవతను చేయడం నాకు ఇష్టం లేదు. కోపం ఎక్కువ. కునికే పిల్లల చెవి మెలిపెట్టేది. చంటి పిల్లలు అలిసిపోతే గోడకు ఆనుకోనిచ్చేది గానీ, ఆ మాట బయటికి ఒప్పుకునేది కాదు. తరువాతి కాలంలో మిగతా పాఠాలకు పిల్లలను చాప మీద కూర్చోనిచ్చినా, పొద్దుటి మొదటి పాఠం మాత్రం నిలబడే. నేను ఆమెతో కలిసి అదే బడిలో పాఠాలు చెప్పిన ఏళ్ళలో మేము పోట్లాడుకోని వారం లేదు. ఓడిపోయినప్పుడు ఆమె వెళ్ళి గోడ పక్కన తన చోట నిలబడేది. తొలినాడు కంప తీసి చేసుకున్న చోటు అది. మట్టి అరుగు. అరవై ఏళ్ళ నిలకడకు అక్కడ రెండు గుంతలు పడ్డాయి. అలికేవాళ్ళు ఎన్నిసార్లు పూడ్చినా మళ్ళీ పడేవి.

శనివారం ఆత్మకూరులో ఆమెను మట్టి చేశాం. మంగళవారం మా పెదనాయన మనవడు వచ్చాడు. అతడి ముందు ఒక మనిషి టేకు కుర్చీ మోసుకుని వచ్చాడు. అతడు నన్ను అత్తా అని పిలుస్తాడు, ప్రేమగానే.

"అత్తా, బడి గోడలు పడిపోయేటట్టుండాయి. అరుగు తీసేసి, సిమెంటు వేసి పక్కాగా కట్టిస్తాను. తాత పేరు పెడదాం. నువ్వు ఈ కుర్చీలో కూర్చోని పెత్తనం చేస్తే చాలు."

"ఎవరి పేరు?"

"తాత పేరు. ఆయన కాలంలోనే గదా బడి వచ్చింది."

"ఆయన కాలంలోనే వచ్చింది. కంప కూడా ఆయన కాలంలోనే వచ్చింది."

"ఏం కంప?"

అతడి మొహంలోకి చూశాను. నటన లేదు. అతడికి ఎవరూ చెప్పలేదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ పటాలకు దండలు వేస్తాం గానీ, వాళ్ళు ఏ అరుగు మీద ఏం వేయించారో పిల్లలకు చెప్పం. పది ఏళ్ళు పోతే, ఆ పేరు చెక్కిన రాయిని చూసి, బడిని పెట్టింది ఆయనే అంటారు. పది ఏళ్ళు కూడా అక్కరలేదు.

"ఒక్కదానివి, ఈ వయసులో ఏం చేస్తావత్తా? రెండు రోజులు ఆలోచించు. కుర్చీ మటుకు నీకే, వెనక్కి తీసకపోను" అని, ఇల్లు తనకు రాసిచ్చే కాగితం ఒకటి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

ఆలోచించడానికి నాకు రెండు రోజులు పట్టలేదు. గురువారం ఒక్కదాన్నే రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాను. మా నాయన నాకు ఇచ్చిన ఆ ఇంటిని, అదే బడిలో చదివి అక్కడే పాఠాలు చెబుతున్న ఇద్దరు ఆడవాళ్ళ పేర రాయించాను. ఇద్దరూ పేట పిల్లలే. రెండు షరతులు చెప్పాను. ఆ బడికి ఎవరు వచ్చినా, ఎంతటివారు వచ్చినా, పిల్లలు లేవనక్కరలేదు. అరుగు మీద గోడ పక్కనున్న రెండు గుంతలు పూడ్చరాదు.

దస్తావేజు రాసే ఆయన కలం ఆపాడు. "ఇట్టాంటి షరతు నేనెప్పుడూ రాయలేదమ్మా."

"ఇప్పుడు రాయి."

"ఇంట్లో ఎవురినైనా అడిగినారా?"

"ఎవరిని అడగాలి?"

ఆయన రాశాడు. చదివి వినిపించాడు. పీట జరిపి కూర్చోమన్నాడు. నేను నిలబడే సంతకం చేశాను. పంతానికి కాదు, బల్ల ఎత్తుగా ఉంది.

ఊళ్ళో వాళ్ళు చూసింది ఆ సంతకాన్నే. మా మేనల్లుడు తెచ్చిన కాగితం అతడికే తిరిగి పంపాను, సంతకం లేకుండా. టేకు కుర్చీ మాత్రం ఉంచుకున్నాను. బడిలో మంచినీళ్ళ కుండకు పీట లేదు. ఇప్పుడు ఆ నున్నటి చెక్క మీద తడి వలయం ఒకటి ఏర్పడింది, తుడిచినా పోవడం లేదు.

సోమవారం పొద్దున మొదటి పాఠానికి నేనే వెళ్ళాను. పిల్లలు అప్పటికే నిలబడి ఉన్నారు. పాదాలు లెక్కపెట్టుకుని, గోడ పక్కకు వెళ్ళి, చెప్పులు విడిచి, ఆ రెండు గుంతల్లో కాళ్ళు పెట్టాను. మట్టి చల్లగా ఉంది. నా పాదాలు పట్టగా ఇంకా చోటు మిగిలింది.